అటక మీది కందిరీగల తుట్టె

పెంకుటిండ్లలో అటక యనునది ఇంటికి రెండవ కొట్టువంటిది. పెండ్లినాటి ఇత్తడి గుండిగలు, పాత ఊయల చెక్కలు, ఊరగాయ జాడీలు, గోనెసంచులు, నిరుటి విత్తనపు బుట్టలు, ఏనాడో ఆగిపోయిన గోడగడియారము ఇవన్నియు అక్కడనే చేరును. సంక్రాంతికో, ఇంట శుభకార్యమునకో తప్ప ఆ చోటికి మనిషి ఎక్కుట అరుదు. చీకటి, వెచ్చదనము, వాననీరు సోకని దూలములు, ఎవ్వరును కదపని నిశ్శబ్దము, ఇన్ని వసతులు ఒక్కచోట దొరకుటచే కందిరీగలకు ఆ స్థలము మిక్కిలి నచ్చును. ఇంటివారికి ఆ సంగతి తెలియదు. పండుగ ముందు గుండిగ దింపుటకు నిచ్చెన వేసి ఎక్కిన వాని తల తుట్టెకు మూరెడు దూరమునకు చేరినప్పుడు గాని అది బయటపడదు. ఒక చేత నిచ్చెనను, ఒక చేత గుండిగను పట్టుకొనియున్న మనిషి ఆ క్షణమున ఏమి చేయగలడు?

ఇట్టి తుట్టె వలన కలుగు అపాయములు మూడు. కందిరీగ విషము పడని శరీరతత్త్వము గలవారికి ఒక్క కాటు చాలును. నిమిషములలో ప్రాణము మీదికి రావచ్చును. రెండవది, ఏ దోషమును లేని ఆరోగ్యవంతుని సైతము పెద్ద కందిరీగలు పదులకొలది కుట్టినచో విషము మోతాదు మించి మూత్రపిండములు చెడును. మూడవది తుట్టెను తీయబోయి మనిషి తెచ్చిపెట్టుకొను అపాయము: నిచ్చెన మీదనుండి పడుట, ఇంటికి నిప్పంటించుకొనుట. ఈ మూడవదానిని జనులు లెక్కలోనికి తీసికొనరు. కాని కొంచెము వివేకముతో పూర్తిగా తప్పించుకొనదగినది అదియే.

ఏ జాతి తుట్టె?

ముందుగా తెలిసికొనవలసినది ఇది. కొందరు అటకమీద ఎగురునది ఏదైనను కందిరీగయే అని భ్రమపడి, అక్కరలేని చోట భయపడుదురు. భయపడవలసిన చోట ధైర్యము చూపుదురు.

దూలములకును గోడలకును మట్టిముద్దవలె అంటుకొనియుండు గూళ్ళు ఒంటరి కందిరీగలవి. సన్నని నడుముగల ఈ కీటకము తడిమట్టిని ఉండలుగా తెచ్చి గది కట్టి, సాలెపురుగులనో ఆకుపురుగులనో కుట్టి చచ్చుపడజేసి అందులో పెట్టి, గ్రుడ్డుపెట్టి, మూత వేసి పోవును. కొన్ని దినములకు ఆ గదినుండి క్రొత్త కందిరీగ బయటికి వచ్చును. దీనిని చూచియే మన పెద్దలు భ్రమరకీటన్యాయమును చెప్పిరి: భ్రమరము తెచ్చిన పురుగు దాని ఝంకారమును వినుచు, దానినే ధ్యానించుచు, తుదకు భ్రమరమే యగునట. వేదాంతమున ఉపమానముగా అది చక్కనిది. జరుగునది మాత్రము వేరు. లోపల పెట్టిన పురుగు ఆహారము. గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల దానిని తిని పెరిగి రెక్కలతో వెలువడును. ఈ ఒంటరి కందిరీగ గూటిని కాపాడుటకై మనిషి మీదికి రాదు. చేతబట్టి నలిపినప్పుడు తప్ప సాధారణముగా కుట్టదు. దీనికి మందు చల్లనక్కరలేదు. గోడ పాడగుచున్నదనుకొన్నచో చెక్కముక్కతో గీకివేయవచ్చును.

చూరుక్రింద, కిటికీ పై అంచున, ఒక సన్నని కాడ ఆధారముగా వ్రేలాడుచు, గదుల నోళ్ళు క్రిందికి తెరచియుండు చిన్న తుట్టెలు రెండవ రకము. ఎండిన కట్టెలనుండి నారను గీకి, నమలి, లాలాజలముతో కలిపి ఈ కందిరీగలు కాగితము వంటి పదార్థమును చేయును. బూడిదరంగు కాగితముతో కట్టినది కందిరీగ తుట్టె. మైనముతో కట్టినది తేనెపట్టు. తేనెటీగలైనచో వానిని చంపుట తగదు, తేనె తీయువారిని పిలిచి తరలింపజేయవలెను.

ఈ చిన్న కందిరీగలను గూర్చి జరిగిన గొప్ప పరిశోధనలలో కొన్ని మన దేశమునకు చెందినవే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య రాఘవేంద్ర గదగ్కర్ గారును వారి శిష్యులును రోపాలిడియా మార్జినేటా యను జాతిని దశాబ్దముల తరబడి పరిశీలించిరి. ఒక్కొక్క కందిరీగ వంటిపై రంగుచుక్కలు పెట్టి, ఏది ఏ పనిచేయుచున్నదో గుర్తించిరి. తుట్టెలో రాణి సాధువుగా నుండును. ఆ రాణిని తొలగించినంతనే పనికత్తెలలో ఒకటి ఒక్కసారిగా దుడుకుదనము చూపి, కొన్ని దినములలో తానే రాణియై గ్రుడ్లు పెట్టును. రాణిని చంపినచో తుట్టె దానంతట అదియే నశించునని అనుకొను గృహస్థునకు ఇది గమనింపదగిన విషయము.

మూడవ రకము పెద్ద కందిరీగలు. నల్లని దేహము, పొట్టపై ఒక్క వెడల్పైన పసుపుపట్టె గలవి కొన్ని. ఎరుపు కలిసిన గోధుమరంగుతో పసుపు పట్టెలు గలవి కొన్ని. చెట్టు తొఱ్ఱలు, గోడ బొఱియలు, పెంకుల క్రింది ఖాళీలు, అటక మూలలు వీనికి నివాసములు. పలుమార్లు తుట్టెచుట్టును కాగితపు పొరల తొడుగుండుటచే లోపల ఎన్ని అంతస్తులున్నదియు కానరాదు. పెరిగిన తుట్టెలో కందిరీగలు వందలకొలది ఉండును. అటకమీద నిజముగా భయపడదగినది ఇదియే.

వీని స్వభావము

కుట్టునవి ఆడుకందిరీగలు మాత్రమే. వాని కొండి గ్రుడ్లుపెట్టు అవయవము మారి ఏర్పడినది. తేనెటీగ కొండికి గాలపు ముండ్లుండుటచే అది మనిషి చర్మములో చిక్కి తెగిపోవును, ఈగ చచ్చును. కందిరీగ కొండి సాధారణముగా చిక్కుకొనదు. కావున ఒక్కటే మరల మరల కుట్టగలదు. అంతియే కాక, తుట్టెకు అదురు తగిలినప్పుడును, తమలో ఒకటి నలిగినప్పుడును ఒక వాసన వెలువడి మిగిలినవానిని యుద్ధమునకు పిలుచును. తుట్టెవద్ద కందిరీగను చరచి చంపినవాడు తక్కినవానికి తానే కబురు పంపినవాడగును. ఊరక వదలిన చోట తమ పనిమీద తాము పోవు ఈ జీవులు, తుట్టె దగ్గర మాత్రము అట్లుండవు.

వీనివలన మేలును కలదు. అవి తమ పిల్లలకు మేపుటకై తోటలలోని ఆకుపురుగులను పట్టుకొని పోవును. ఒక మిల్లీమీటరు పొడవైనను లేని ట్రైకోగ్రామా యను కందిరీగజాతిని చెరకు, వరి పొలములలో కాండముతొలుచు పురుగు గ్రుడ్లను నాశనము చేయుటకు రైతులు పనిగట్టుకొని విడుచుచున్నారు. కనుక కనబడిన ప్రతి తుట్టెను ధ్వంసము చేయుట పౌరుషమని తలపరాదు. దొడ్డిచివర చెట్టున, మనుష్యుల రాకపోకలు లేని చూరున ఉన్న చిన్న తుట్టెను విడిచిపెట్టవచ్చును. అటకమీదిది, తలుపువద్దిది, పిల్లలు ఆడుకొనుచోటిది తీయింపవలసినదే. లోగడ కందిరీగ కుట్టి ఒళ్ళంతయు దద్దుర్లు లేచినవారో, ఊపిరాడనివారో ఆ ఇంట నున్నచో ఆలోచనకు తావే లేదు.

శీతలదేశముల పుస్తకములు చదివినవారు చలికాలము వరకు ఆగుమని సలహా చెప్పుదురు. ఐరోపాలోను, మన హిమాలయ ప్రాంతపు చలిసీమలలోను చలికి పనికత్తె కందిరీగలు చచ్చి, తుట్టె ఖాళీయగును. క్రొత్త రాణులు మాత్రము ఏ పగులులోనో దాగి వసంతమునకు బయటికి వచ్చును. కృష్ణా, గోదావరి తీరములలోను, తెలంగాణము, రాయలసీమలలోను అట్టి చలి లేదు. ఇక్కడ తుట్టె ఏడాది పొడవునను సాగవచ్చును. ఆగినకొలది అది పెరుగునే గాని తరుగునని నమ్ముటకు వీలులేదు.

చేయరానివి

తుట్టెను కాల్చరాదు. కాగడాతో కాల్చుట మన పల్లెలలో పాత అలవాటు. ఆరుబయట చెట్టుమీది తుట్టెకే అది ప్రమాదము, అటకమీద అది ఇల్లు తగులబెట్టుకొనుటతో సమానము. తుట్టె స్వయముగా ఎండిన కాగితము. దానిప్రక్కన ఎండిన వాసములు, గోనెలు, ప్రత్తి, పాత బట్టలు ఉండును. కిరసనాయిలు, పెట్రోలు చల్లుటయు అంతే. మూసియున్న అటకలో వాని ఆవిరి నిండియుండగా క్రింద వంటింటి పొయ్యి చాలును.

కందిరీగలు రాకపోకలు చేయు రంధ్రమును బయటనుండి మూయరాదు. ఇది చాలమంది తెలివి అనుకొని చేయు పని. దారి మూసికొనిపోయిన కందిరీగలు లోపల చచ్చి పడియుండవు. వేరు దారి వెదకుకొనుచు, మెత్తని పలకలను కొరికి, దీపపు వెలుగు కనబడు సందుగుండా పడకగదిలోనికే దిగును.

రాళ్ళు రువ్వుట, గడకఱ్ఱతో పొడుచుట, నీళ్ళు చిమ్ముట వలన కందిరీగలు చావవు, రేగును. అటకమీద ఎప్పటిదో డి.డి.టి. పొడి దొరికినదని దానిని చల్లుటయు కూడదు. వ్యవసాయమున డి.డి.టి. వాడుక మన దేశమున 1989లోనే నిషేధింపబడినది. గృహస్థుడు దానిని ధాన్యపు బుట్టల నడుమ వాడుట విషముతో విషమును కొనుటయే.

ఎట్లు తీయింపవలెను?

తుట్టె ఎంతటిదో తెలిసికొనుటకు అటక ఎక్కనవసరము లేదు. పట్టపగలు ఇంటికి పది పదునైదు గజముల దూరమున నిలిచి పెంకుల అంచులను కొంతసేపు చూచినచో అవి ఏ సందున దూరుచున్నవో తెలియును. అప్పుడొకటి అప్పుడొకటి వచ్చిపోవుచున్నచో తుట్టె చిన్నది. ఎడతెగక వరుసగా పోవుచు వచ్చుచున్నచో లోపల పెద్ద కాపురమున్నట్లే.

పెద్ద కందిరీగలదైనను, అరచేతిని మించిన తుట్టెయైనను, పూర్తిగా కనబడక మూలలో దాగినదైనను, ఆ పని తెలిసినవారికే అప్పగింపవలెను. పట్టణములలో పురుగుల నివారణ చేయు సంస్థలు కలవు. పల్లెలలో పంచాయతీ కార్యాలయమునందును, సమీపపు అగ్నిమాపక కేంద్రమునందును విచారించినచో ఎవరు వచ్చి తీయగలరో తెలియును. దీనికగు ఖర్చును కొందరు దండుగ యందురు. కాలు విరిగినవాని ఆసుపత్రి ఖర్చుతో పోల్చి చూచినవారు అట్లనరు.

వారు వచ్చువరకు అటక తలుపు వేసియుంచి, అటకనుండి గదిలోనికి దిగు సందులను గుడ్డలు కుక్కి మూయవలెను. బయటి రంధ్రము తెరచియుండవలెను, లోపలి సందులు మూయవలెను; ఈ భేదమును మరువరాదు. ఆ గదిలో రాత్రి దీపము వెలిగింపకుండుట మంచిది, ఏలయనగా చీకటిలో రేగిన కందిరీగలు వెలుగువైపునకు వచ్చును.

ఇక ఇంటివారు స్వయముగా తీయదగినది ఒక్కటే: చిన్న జాతి కందిరీగ కట్టుచున్న, నిమ్మకాయంతకు మించని, కొద్ది గదులు గల క్రొత్త తుట్టె. దానికైనను కొన్ని నియమములు కలవు. పూర్తిగా చీకటిపడిన తరువాత, అవి తుట్టెపై చేరి కదలక యుండు వేళ పనిచేయవలెను. దట్టమైన నిండు చేతుల చొక్కా, లాగు, మేజోళ్ళు, చేతి తొడుగులు ధరించి, టోపీపైనుండి దోమతెర గుడ్డను మెడవరకు దించి, అంచులను చొక్కాలోనికి దోపుకొనవలెను. చేతిదీపమునకు ఎఱ్ఱని పలుచని కాగితము చుట్టినచో మేలు. కందిరీగలకు ఎఱ్ఱని వెలుగు అంతగా కనబడదు. నేలమీద నిలిచియే పని జరుగవలెను. నిచ్చెన ఎక్కవలసివచ్చినచో అది ఇంటివారు చేయదగిన పని కాదు. కందిరీగ కుట్టినప్పుడు మనిషి చేయి వదలుట సహజము. పదడుగుల ఎత్తునుండి పడినవానికి కాటు మరుపునకు వచ్చును. వెనుక తలుపు తెరచియుండవలెను, రెండవ మనిషి దూరమున ఉండవలెను. ఎగురు పురుగులకై అంగళ్ళలో అమ్ము మందును డబ్బాపై వ్రాసిన విధముగా చిమ్మి, వెంటనే వెలుపలికి వచ్చి, తెల్లవారిన తరువాత చలనము లేదని చూచుకొని పొడుగైన కఱ్ఱతో గీకివేయవలెను. చిమ్ముటకు ముందే పొయ్యి ఆర్పుట, ధాన్యము, నీళ్ళ బిందెలు కప్పుట జరుగవలెను. ఈశాన్య రాష్ట్రములలో కందిరీగ పిల్లలను రుచిగల ఆహారముగా తినువారు కలరు; మందు తగిలిన తుట్టె మాత్రము కోళ్ళకు సైతము వేయరాదు, పూడ్చివేయవలెను. ఆ సమయమున బయట చిక్కిన కందిరీగలు ఒకటి రెండు దినములు ఆ చోటనే తిరుగాడును. వాని జోలికి పోనక్కరలేదు.

పాత తుట్టెలో మరల కాపురము పెట్టుట సాధారణముగా నుండదు. కాని ఒకరికి నచ్చిన మూల మరియొక రాణికిని నచ్చును. అందుచే కందిరీగలు లేవని రూఢియైన పిమ్మట పెంకులకును గోడకును నడుమ సందులను సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చి, గాలి రంధ్రములకు సన్నని ఇనుప జల్లెడ బిగింపవలెను. నెలకొకమారు పగటివేళ అటక తలుపువద్ద నిలిచి దీపము వేసి చూచుట అలవాటైనచో తుట్టె నిమ్మకాయంత ఉండగనే దొరకును.

కుట్టినప్పుడు

మొదటి పని ఆ చోటు విడిచి పరుగెత్తుట. నిలిచి చేతులు విసరుట వలన కాట్లు పెరుగును. ముఖము కప్పుకొని ఇంటిలోనికో వాహనములోనికో చేరి తలుపు వేయవలెను.

ఒకటి రెండు కాట్లైనచో సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేయవలెను. వ్రేలికి కుట్టినచో ఉంగరమును, చేతికి కుట్టినచో గాజులను వెంటనే తీయవలెను. వాపు వచ్చిన తరువాత అవి రావు. దురదకు సెట్రిజిన్ వంటి మాత్రయు, నొప్పికి పారాసిటమాల్ మాత్రయు చాలును. సున్నము పూయుట, ఉల్లిపాయ రుద్దుట, మంత్రము వేయించుట వాడుకలో నున్నవి. సున్నము చర్మమును కాల్చును గనుక మానవలెను. తక్కినవానివలన కీడు లేదు గాని, వానికై కాలము గడపుటలో కీడు కలదు. రెండవనాటికి వాపు మొదటినాటికంటె ఎక్కువై, చేయి మోచేతివరకు ఉబ్బుట కొందరిలో జరుగును. అది చీము పట్టుట కాదు; వారము లోపల తగ్గును. నోటిలోనో గొంతులోనో కుట్టినచో మాత్రము మంచుముక్క చప్పరింపజేయుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తీపి పానీయపు డబ్బాలో దూరిన కందిరీగ వలన ఇట్లు జరుగుట కలదు.

కుట్టిన చోటికి దూరముగా ఒళ్ళంతయు దద్దుర్లు లేచుట, పెదవులు, నాలుక, కన్నులు వాచుట, గొంతు బొంగురుపోవుట, రొమ్ములో పిల్లికూతలు, వాంతులు, కళ్ళు తిరుగుట, స్పృహ తప్పుట, వీనిలో ఏది కనబడినను అది వేరు వ్యాధి. శరీరము విషముపై అతిగా తిరుగబడుటచే కలుగు ఈ స్థితిని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు పోర్టియర్, రిషె అనువారు 1902లో వర్ణించి అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. రిషెకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. ఇందులో అరగంట లోపలనే ప్రాణము పోవచ్చును. మందు ఒక్కటే: తొడ కండలోనికి ఎక్కించు ఎడ్రినలిన్ సూది. మాత్రలు దానికి బదులు కావు. 108 లేదా 112 సంఖ్యకు ఫోను చేసి, రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్ళను ఎత్తుగా నుంచవలెను, ఊపిరాడనివానిని కూర్చుండనీయవలెను. తేరుకొన్నట్లు తోచినను లేచి నడువనీయరాదు, ఆ నడకలోనే కుప్పకూలినవారు కలరు. సూది తరువాత తగ్గినట్లే తగ్గి కొన్ని గంటలకు మరల రావచ్చును గనుక వైద్యుడు ఉండుమన్నంతసేపు ఆసుపత్రిలో ఉండవలెను. రక్తపు పోటునకో గుండెకో బీటా బ్లాకరు మందులు వాడువారు ఆ సంగతి చెప్పవలెను. వారిలో ఎడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చును.

ఒకమారు ఇట్లు జరిగినవారికి శుద్ధ విషమును అత్యల్పముగా మొదలిడి మోతాదు పెంచుచు ఎక్కించు చికిత్స కలదు. అంతకుముందు కీటకముల దేహములను నూరి తీసిన సారమును వాడెడివారు. అది పనికిరాదనియు, శుద్ధ విషమే రక్షించుననియు 1978లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన తేల్చినది. ఎలర్జీ వైద్యుని సలహాపై దీనిని తీసికొనవచ్చును.

పెద్ద కందిరీగలు అనేకము కుట్టినవారి సంగతి మరియొకటి. వారు ఆ పూట నొప్పితో మూలిగినను, మాట్లాడుచు తిరుగుచుందురు. ఇంటివారు గండము గడచినదని తలంతురు. విషము కండరములను, రక్తకణములను కరిగించుచు పోగా, ఆ కరిగిన పదార్థము మూత్రపిండములలో అడ్డుపడును. ఒకటి మొదలు మూడు దినములలో మూత్రము కాఫీ కషాయము రంగునకు తిరుగును, లేదా తగ్గిపోవును. ముఖము, పాదములు ఉబ్బును. కావున పది పదునైదు కాట్లకు మించి తగిలినవారిని, పిల్లలనైనచో అంతకు తక్కువకే, బాగున్నట్లు కనబడినను ఆనాడే ఆసుపత్రిలో చేర్చి రక్తము, మూత్రము పరీక్ష చేయింపవలెను. సకాలమున రక్తనాళము ద్వారా ద్రవములు ఎక్కించినచో మూత్రపిండములు చెడకుండ కాపాడుకొను అవకాశము హెచ్చు. ఆలస్యమైనచో కొన్నాళ్ళు డయాలిసిస్ అవసరము కావచ్చును. కాట్లు ఎన్ని, ఏ వేళ తగిలినవి, తరువాత మూత్రము ఎన్నిమార్లు, ఏ రంగున పోసినది అను వివరములను వెంటవచ్చినవారు ఒక కాగితముపై వ్రాసి వైద్యునకు అందజేయవలెను.